రొదలోంచి ఏరిన ఎలక్ట్రాన్లు

షాద్‌నగర్ చుట్టుపక్కల గుట్టల్లో గులాబీ రంగు గ్రానైటు కనిపిస్తుంది. ఆ రంగు పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ ఖనిజానిది. అలాంటి రాయి బరువులో నాలుగు శాతం దాకా పొటాషియమే ఉండొచ్చు. ప్రకృతిలో దొరికే పొటాషియం పరమాణువుల్లో ప్రతి పదివేలకూ ఒకటికి కాస్త ఎక్కువ పొటాషియం-40 రకానివి. అవి స్థిరంగా ఉండవు. సగం కరిగిపోవడానికి 125 కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి భూమి పుట్టినప్పుడు వచ్చినవి ఇంకా మిగిలే ఉన్నాయి. లెక్క వేస్తే గ్రాము పొటాషియంలో సెకనుకు 31 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. కిలో రాయిలో 40 గ్రాముల పొటాషియం ఉందనుకుంటే సెకనుకు 1,240. వీటిలో సుమారు 11 శాతం మాత్రమే గామా కిరణాన్ని వదులుతాయి. అంటే చేతిలో పట్టే రాయి నుంచి సెకనుకు 130కి పైగా గామా కిరణాలు పుడతాయి. ప్రతి ఒక్కదాని శక్తీ 1,461 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

భయపడాల్సిన పని లేదు. మన ఒంట్లోనూ 140 గ్రాముల దాకా పొటాషియం ఉంటుంది. ఆ లెక్కన మనిషి శరీరంలో సెకనుకు 4,000కు పైగా పొటాషియం పరమాణువులు విచ్ఛిన్నమవుతూనే ఉంటాయి. రేడియేషన్ ఉందా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడైనా ఒకటే, ఉంది. ఏ రకం, ఎంత అన్నదే అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు చెప్పే పరికరం కథ ఇది. అందులో స్ఫటికానిది సగం పాత్రే. మిగతా సగం దాని వెనకాల కనిపించకుండా కూర్చునే ఒక ట్రాన్సిస్టరుది.

గామా కిరణాన్ని పట్టడానికి ఇప్పటికీ జెర్మేనియం స్ఫటికానికి సాటి లేదు. కిరణం లోపలికి వచ్చి తన శక్తిని ధారపోస్తే పరమాణువులకు అతుక్కుని ఉన్న ఎలక్ట్రాన్లు విడిపోతాయి. ఒక్కో ఎలక్ట్రాన్ వెనుక ఒక ఖాళీ మిగులుతుంది. ఇలాంటి జంట ఒకటి పుట్టడానికి జెర్మేనియంలో సగటున 2.96 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చవుతాయి, సిలికాన్‌లో 3.6. మన గులాబీ రాయి వదిలిన గామా కిరణం తన శక్తి మొత్తాన్ని జెర్మేనియంలో వదిలేస్తే 4 లక్షల 90 వేల జంటలు పుడతాయి. స్ఫటికానికి రెండు వైపులా వేల వోల్టుల ఒత్తిడి పెడితే ఎలక్ట్రాన్లు ఒకవైపు, ఖాళీలు మరోవైపు పరుగెడతాయి. ఆ ఎలక్ట్రాన్లను లెక్కపెట్టగలిగితే కిరణం శక్తి తెలిసినట్టే. శక్తి తెలిస్తే అది ఏ పరమాణువు నుంచి వచ్చిందో తెలిసినట్టే.

ఐదు లక్షలు పెద్ద సంఖ్యలాగే ఉంది. కానీ అన్ని ఎలక్ట్రాన్లూ కలిపి మోసే విద్యుదావేశం ఒక కూలుంబులో పదమూడు లక్షల కోట్లవ వంతు. అదీ ఒక్కసారి, సెకనులో కోటో వంతుల్లో వచ్చిపోతుంది. మరోవైపు గది వేడిమిలో ఉన్న జెర్మేనియం ఘన సెంటీమీటరులో ఏ కిరణమూ తగలకుండానే 24 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు విడివడి తిరుగుతుంటాయి. వేడి చేసే పని అది. అందుకే జెర్మేనియం డిటెక్టర్‌ను ద్రవ నైట్రోజన్‌తోనో, యంత్రంతోనో దాదాపు మైనస్ 190 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. స్ఫటికం కూడా అసాధారణంగా శుద్ధంగా ఉండాలి. నాలుగు లక్షల కోట్ల జెర్మేనియం పరమాణువులకు ఒక మలినం మించితే ఎలక్ట్రాన్లు దారిలోనే చిక్కుకుంటాయి, లోపల విద్యుత్ క్షేత్రం సరిగ్గా పరుచుకోదు. మనిషి తయారుచేసిన పదార్థాల్లో అంతకంటే శుద్ధమైనవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హైదరాబాద్ చర్లపల్లిలోని సి-మెట్ కేంద్రంలో ఇలాంటి అతిశుద్ధ పదార్థాల మీదే పని జరుగుతోంది.

స్ఫటికం దొరికింది, చల్లబడింది. అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

ఇంత చిన్న సిగ్నల్‌ను నేరుగా ఏ పరికరమూ చదవలేదు, పెంచాలి. పెళ్లిపందిట్లో మైకు సెట్టు సంగతి అందరికీ తెలుసు. పంతులుగారి మంత్రాన్నే కాదు, పక్కన తిరిగే ఫ్యాను శబ్దాన్నీ, ఎవరో దగ్గిన దగ్గునూ అదే కొలతలో పెంచి పారేస్తుంది. యాంప్లిఫయర్‌కు ఏది సిగ్నల్, ఏది రొద అన్న విచక్షణ ఉండదు. పైగా అది తన సొంత రొదను కూడా కలుపుతుంది. ఒకసారి కలిశాక తర్వాత ఎన్ని యాంప్లిఫయర్లు పెట్టినా రెండూ కలిసే పెరుగుతాయి.

ఈ రొద ఏ తయారీదారుడి నిర్లక్ష్యం వల్లా రాదు. 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ జాన్సన్ కొలిచి చూపించింది ఏమిటంటే, ఏ బ్యాటరీకీ కలపని రెసిస్టర్ చివర్ల మధ్య కూడా వోల్టేజి అటూ ఇటూ వణుకుతూనే ఉంటుంది. హ్యారీ నైక్విస్ట్ ఆ వణుకు వేడి నుంచే వస్తుందని, ఎంత ఉండాలో కూడా లెక్కగట్టి చూపించాడు. ఇది ప్రకృతి నియమం. దీన్ని తగ్గించుకోవచ్చు గానీ తప్పించుకోలేం. ఒక పికోఫారడ్ కెపాసిటర్‌ను ఖాళీ చేసి వదిలేస్తే, గది వేడిమి వల్ల అందులో సుమారు 400 ఎలక్ట్రాన్ల అనిశ్చితి మిగిలిపోతుంది. మరి కిరణం వల్ల పుట్టిన జంటల సంఖ్యలో సహజంగా ఉండే హెచ్చుతగ్గు ఎంత? ఇటలీలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త ఉగో ఫానో 1947లో ఇచ్చిన లెక్క ప్రకారం మన 4.9 లక్షలకు అది కేవలం 230 ఎలక్ట్రాన్ల చుట్టూ ఉంటుంది. అంటే కొలిచేవాడి కెపాసిటర్ వణుకు, కొలవాల్సిన వస్తువు వణుకు కంటే పెద్దది. జాగ్రత్త పడకపోతే, అంత శుద్ధమైన స్ఫటికం వృథా.

జాగ్రత్తలు చాలా ఉన్నాయి. కెపాసిటర్ ముందు ఎక్కడుందో కొలిచి, కిరణం వచ్చాక మళ్లీ కొలిచి, తేడానే తీసుకుంటారు. అలా చేస్తే ఆ 400 ఎలక్ట్రాన్ల అనిశ్చితి రెండు కొలతల్లోనూ ఉంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. ఇటలీ ఇంజినీరు ఎమీలియో గాట్టీ, ఆయన సహచరులు 1950లలో రూపుదిద్దిన ఛార్జి యాంప్లిఫయర్ ఇప్పటికీ దాదాపు ప్రతి డిటెక్టర్ వెనుకా ఉంటుంది. దాని తర్వాత వచ్చే ఫిల్టర్ సంగతి ఇంకా ఆసక్తికరం. సిగ్నల్‌ను చాలా వేగంగా చూస్తే ట్రాన్సిస్టర్ రొద ఎక్కువవుతుంది. తీరిగ్గా చూస్తే స్ఫటికంలోంచి కారే లీకేజి కరెంటు రొద ఎక్కువవుతుంది. రెండూ సమానమయ్యే చోటు జెర్మేనియంలో సాధారణంగా కొన్ని మైక్రోసెకన్ల దగ్గర ఉంటుంది. ఫిల్టర్‌ను అక్కడ పెట్టుకుంటారు. ఇందులో మంత్రం లేదు, బేరం ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మొదటి ట్రాన్సిస్టర్ ఎక్కడ ఉందన్నది. డిటెక్టర్‌కూ ట్రాన్సిస్టర్‌కూ మధ్య తీగ పొడవు పెరిగితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, దాంతో రొదా పెరుగుతుంది. అందుకే మంచి జెర్మేనియం డిటెక్టర్‌లో మొదటి ట్రాన్సిస్టర్ స్ఫటికం పక్కనే, ఆ చలిలోనే ఉంటుంది. పూర్తిగా అంత చలిలో కూడా కాదు. సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను మరీ చల్లబరిస్తే అందులోని ఎలక్ట్రాన్లు గడ్డకట్టినట్టు కదలడం మానేస్తాయి. అది అతి తక్కువ రొద చేసేది మైనస్ 140 డిగ్రీల ప్రాంతంలో. కాబట్టి దాన్ని స్ఫటికానికి దగ్గరగా, కానీ కాస్త వెచ్చగా ఉంచే ఏర్పాటు విడిగా చేస్తారు.

ఇంత శ్రమ ఫలితం ఏమిటంటే, పాత సోడియం అయొడైడ్ స్ఫటికం గీసే శక్తుల పటంలో మన 1,461 గీత దాదాపు 80 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వెడల్పున పలచగా పరుచుకుంటుంది. జెర్మేనియంలో రెండు కిలో ఎలక్ట్రాన్ వోల్టుల సన్నని సూదిలా నిలబడుతుంది. ఒకదాని నీడలో ఒకటి దాక్కున్న గీతలు విడిగా కనబడతాయి.

తెలుగువాళ్లకు ఈ విద్యతో సంబంధం కొత్తది కాదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు బెనారస్‌లో భౌతికశాస్త్రం చదివి, అక్కడే పాఠాలు చెప్పి, స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చేసి వచ్చి కాస్మిక్ కిరణాల శాస్త్రవేత్త హోమీ భాభా దగ్గర చేరారు. కాస్మిక్ కిరణాల పరిశోధన అంటే ఆ రోజుల్లో కౌంటర్లు, యాంప్లిఫయర్లు సొంతంగా కట్టుకోవడమే. దిగుమతి చేసుకుందామంటే డాలర్లు లేవు, దొరికినా మనకు అమ్మరు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో పని మొదలుపెట్టిన అప్సర రియాక్టర్ నియంత్రణ ఎలక్ట్రానిక్స్ ఆయన బృందమే తయారు చేసింది. 1965లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. రెండేళ్లకు, 1967 ఏప్రిల్ 11న, ఆయన చేతుల మీదుగా హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. ఆ ఊళ్లో ఆయన పేరుతో ఉన్న ఏఎస్ రావు నగర్‌లో ఇల్లున్నవాళ్లలో ఎంతమందికి ఆ ఏఎస్ రావు రేడియేషన్ కొలిచే పెట్టెలతో జీవితం మొదలుపెట్టారని తెలుసో! బస్సు కండక్టర్ అరిచే స్టాపు పేరుగా మిగిలిపోవాల్సిన మనిషి మాత్రం కాదు.

అణుశాఖకు పరికరాలు చేయడానికి పుట్టిన ఆ సంస్థే తర్వాత చంద్రయాన్-1 కోసం బెంగళూరు దగ్గర బయలాలులో నిలబెట్టిన 32 మీటర్ల డిష్‌ను తయారుచేసింది. గామా కిరణాల పెట్టెకూ అంతరిక్ష నౌకతో మాట్లాడే డిష్‌కూ సంబంధం ఏమిటని అనిపించవచ్చు. దాని గురించి చెప్పే ముందు నల్గొండ వైపు ఒకసారి వెళ్లి రావాలి.

బేగంపేటలో ప్రధాన కార్యాలయం ఉన్న అణు ఖనిజ సంస్థ, ఏఎండీ, కృష్ణా తీరంలో వెతికి నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో యురేనియం నిక్షేపాన్ని గుర్తించింది. గ్రానైటు మీద శ్రీశైలం రాతిపొరలు వచ్చి కూర్చున్న హద్దు వెంబడి అది ఉంది. ఇలాంటి వెతుకులాటలో పొటాషియానికి 1,461, యురేనియానికి 1,764, థోరియానికి 2,614 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గీతలు చూస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. 1,764 గీత యురేనియం వదిలింది కాదు, దాని వారసుల్లో ఒకటైన బిస్మత్-214 వదిలింది. ఆ రెంటి మధ్యలో రాడాన్ అనే వాయువు ఉంది. రాతిలో పగులు ఉంటే రాడాన్ జారిపోతుంది, బిస్మత్ వేరే చోట పుడుతుంది. కొలత ఒకటి చూపిస్తుంది, కింద ఉన్నది మరొకటి. డిటెక్టర్ ఎంత గొప్పదైనా ఈ పొరపాటును అది సరిదిద్దలేదు, భూగర్భం తెలిసినవాడే సరిదిద్దాలి. ఇక తవ్వాలా వద్దా అన్న ప్రశ్న అసలు ఏ డిటెక్టర్‌కూ చెందినది కాదు. నల్లమల అడవుల్లో యురేనియం తవ్వకాల మీద అక్కడి జనం 2019లో గొంతెత్తితే, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానించింది. కానీ ఆ వాదనలో రెండు పక్షాలకూ ఊరి బావి నీటిలో ఇప్పుడు ఎంత ఉందన్న నమ్మదగిన అంకె కావాలి. దాన్ని తవ్వకానికి ముందే కొలిచి పెట్టుకోవాలి. ఆ తర్వాత కొలిచి ఉపయోగం లేదు.

ఇక డిష్ సంగతి కోసం మళ్లీ షాద్‌నగర్. ఊరి దగ్గర జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఆవరణలో ఆకాశంలోకి తిరుగుతూ కనబడే తెల్లటి డిష్‌లు అందరికీ తెలుసు. 1970ల చివర అమెరికా ల్యాండ్‌శాట్ బొమ్మలు అందుకోవడంతో మొదలైన ఈ పని, 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఎ ఎగిరిన దగ్గర్నుంచి మన ఉపగ్రహాలకు విస్తరించింది.

ఆ ఉపగ్రహాల కెమెరా కూడా సెమీకండక్టర్ డిటెక్టరే. తేడా ఒక్కటే. గామా కిరణం ఒక్కటి లక్షల ఎలక్ట్రాన్లను విడదీస్తే, వెలుతురు కణం ఒక్కటి సిలికాన్‌లో ఒక్క ఎలక్ట్రాన్‌నే విడదీయగలదు. 2011లో వెళ్లిన రిసోర్స్‌శాట్-2లోని లిస్-4 కెమెరాలో ఒక్కో రంగుకూ 12,000 సిలికాన్ గడులు వరుసగా ఉంటాయి. నేల మీద ఒక్కో గడి చూసే ముక్క 5.8 మీటర్లు. ఉపగ్రహం నీడ నేల మీద సెకనుకు ఆరు కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది కాబట్టి ఆ ముక్కను చూసే అవకాశం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ లోపల పోగైన ఎలక్ట్రాన్లే షాద్‌నగర్ చెలకలో పత్తికీ కందికీ ఉన్న తేడా చెప్పాలి. గడిలోని ఆవేశాన్ని చదవడానికి ఇక్కడా ముందోసారి, తర్వాతోసారి కొలిచి తేడా తీసే పద్ధతే వాడతారు. ఒక పరిమితి కూడా ఉంది. 1.1 మైక్రాన్ల కంటే పొడవైన పరారుణ కాంతికి సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ను విడదీసే శక్తి చాలదు. ఆకులో నీటి సంగతి తెలిసేది 1.6 మైక్రాన్ల దగ్గర. అందుకని అదే ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాలో ఆ పట్టీకి ఇండియం గాలియం ఆర్సెనైడ్ పెట్టారు.

అలా లెక్కపెట్టిన ఎలక్ట్రాన్లు అంకెలై, రేడియో తరంగాలై కిందికి రావాలి. ఉపగ్రహం దిగంతం దగ్గర 2,500 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. పది వాట్ల శక్తిని అన్ని వైపులా సమానంగా చల్లిందనుకుందాం. 7.5 మీటర్ల డిష్ పట్టుకునేది ఒక వాటులో లక్ష కోట్లవ వంతులు మూడు. అదే డిష్‌లో రొద మొత్తం 150 కెల్విన్ల వేడికి సమానమైతే, పది కోట్ల హెర్ట్జ్ వెడల్పులో ఆ రొద శక్తి అదే కొలతలో 0.2. సిగ్నల్ పదిహేను రెట్లు పైన ఉంది, బొమ్మ వస్తుంది. ఇప్పుడు యాంప్లిఫయర్‌ను కింద ఏసీ గదిలో పెట్టి, పొడవాటి కేబుల్ లాగి, దారిలో సగం శక్తి పోయిందనుకుందాం. సిగ్నల్ సగమవుతుంది. అంతటితో పోదు, వెచ్చని కేబుల్ తన వంతుగా మరో 145 కెల్విన్ల రొద కలుపుతుంది. పదిహేను రెట్లున్నది నాలుగైదు రెట్లకు దిగజారుతుంది. కింద ఎంత ఖరీదైన రిసీవర్ పెట్టినా పోయింది తిరిగి రాదు.

1944లో హెరాల్డ్ ఫ్రిస్ రాసిన సూత్రం ఇదే చెబుతుంది. రెండో యాంప్లిఫయర్ రొదను మొదటిదాని పెంపు భాగిస్తుంది, మూడోదాన్ని మొదటి రెండూ కలిసి భాగిస్తాయి. కాబట్టి మొత్తం గొలుసులో మొదటి మెట్టు ఒక్కటి నిశ్శబ్దంగా ఉంటే చాలు. అందుకే డిష్ గొంతు దగ్గరే, నేల నుంచి ఎత్తులో, అరచేతిలో పట్టే తక్కువ రొద యాంప్లిఫయర్ ఉంటుంది. పత్రికల్లో వచ్చే ఫొటోలన్నీ డిష్‌వే, ఆ చిన్న పెట్టె ఎక్కడా కనిపించదు. జెర్మేనియం పక్కన చలిలో కూర్చున్న ట్రాన్సిస్టర్‌దీ దీనిదీ ఒకటే ఉద్యోగం. ఈసీఐఎల్ ఇటు నుంచి అటు నడవడంలో ఆశ్చర్యం లేనిది అందుకే.

షాద్‌నగర్‌లో రొద తెచ్చే మరో అతిథి వాన. మబ్బు లేని రాత్రి 8 గిగాహెర్ట్జ్ దగ్గర నడినెత్తి ఆకాశం పది కెల్విన్ల కంటే చల్లగా ఉంటుంది. వాన సిగ్నల్‌ను మింగడమే కాదు, తన వేడితో తానే రేడియోలో మెరుస్తుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం తన భారీ సమాచారాన్ని అంతకంటే ఎక్కువ పౌనఃపున్యమున్న కా-బ్యాండ్‌లో పంపుతుంది. వాన దెబ్బ అక్కడ ఇంకా గట్టిది. జూలై సాయంత్రాలు చూసినవాళ్లకు ఇంజినీర్ల బాధ అర్థమవుతుంది.

రొద తక్కువున్న చోటు వెతుక్కోవడం కూడా ఈ విద్యలో భాగమే. టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ వారి బెలూన్ కేంద్రం హైదరాబాద్‌లో, ఈసీఐఎల్‌కు దగ్గర్లో, ఉండటానికి ఒక కారణం భూమి అయస్కాంత క్షేత్రం. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరైన ఈ అక్షాంశంలో ఆ క్షేత్రం చాలా కాస్మిక్ కణాలను బయటే ఆపేస్తుంది. 40 కిలోమీటర్ల ఎత్తుకు ఎక్స్-రే డిటెక్టర్‌ను పంపితే నక్షత్రాల నుంచి వచ్చేదానికి అడ్డుపడే చెత్త తక్కువ. 2015 సెప్టెంబరు 28న వెళ్లిన మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌ను భూమధ్యరేఖకు ఆరు డిగ్రీల వాలులోనే తిప్పుతున్నదీ ఇలాంటి ఆలోచనతోనే. అందులోని సీజెడ్‌టీఐ పరికరంలో 16,384 కాడ్మియం జింక్ టెల్లురైడ్ గడులున్నాయి. ఈ పదార్థానికి ద్రవ నైట్రోజన్ అక్కర్లేదు, సున్నా డిగ్రీల చుట్టూ ఉంటే చాలు. ఒక ఎక్స్-కిరణం ఒక గడిలో తగిలి, పక్క గడిలోకి చెదిరితే రెండూ ఒకేసారి మోగుతాయి. ఏ దిక్కుకు ఎక్కువ చెదురుతున్నాయో చూసి క్రాబ్ పల్సార్ అనే నక్షత్రం కిరణాల ధ్రువణాన్ని కొలిచిన ఫలితాలు 2017లో వచ్చాయి. 150 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం లంబంగా చెదిరితే మొదటి గడిలో వదిలేది 34 మాత్రమే, అంటే ఏడు వేల ఎలక్ట్రాన్లు. ఆ గడి రొద ఎక్కువైతే మొదటి దెబ్బ వినబడదు, జంట తప్పిపోతుంది. అందుకే మరీ గోల చేసే గడులను కింద నుంచి ఆజ్ఞ పంపి మూసేస్తారు.

బెలూన్ పని ముగిశాక పరికరాల పెట్టె పారాచూట్‌తో ఎక్కడో పొలంలో దిగుతుంది. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో దిగిన తెల్లటి గుండ్రటి గది చుట్టూ జనం గుమిగూడి గ్రహాంతరవాసుల దాకా వెళ్లారు. అది ఇక్కడి నుంచే ఎగరేసిన ఒక స్పెయిన్ కంపెనీ పర్యాటక గది నమూనా. శాస్త్ర పరికరం దిగినప్పుడు మాత్రం టీఐఎఫ్‌ఆర్ ప్రకటనలు చెప్పినట్టు దాన్ని విప్పకుండా, పోలీస్ స్టేషన్‌లో చెప్పడమే మేలు. లోపల హై వోల్టేజి ఉండొచ్చన్నది ఒక కారణం. రెండో కారణం ఆ మొదటి ట్రాన్సిస్టర్. మామూలు ఎలక్ట్రానిక్స్‌లో వేలి స్పర్శతో వచ్చే స్టాటిక్ కరెంటుకు చిప్పులు మాడిపోకుండా ముందు రక్షణ డయోడ్‌లు పెడతారు. ఆ డయోడ్‌లు కెపాసిటెన్స్‌నీ లీకేజినీ పెంచుతాయి, అంటే రొదను పెంచుతాయి. అందుకని డిటెక్టర్ వెనుక ఉన్న మొదటి ట్రాన్సిస్టర్‌కు చాలాసార్లు ఆ రక్షణ తీసేస్తారు. చలికాలం పొద్దున పొడిగాలిలో నైలాన్ స్వెటర్ వేసుకున్న మనిషి ఒక్కసారి వేలు పెడితే అది చచ్చిపోతుంది.